మజ్జిగకు పొడిపించుకున్న సూదులు

మా అవ్వ పాలు అమ్మేది గానీ మజ్జిగ అమ్మేది కాదు. ఆ రోజుల్లో మా ఉదయగిరిలో మజ్జిగ అమ్ముకోవడమంటే తలవంపులు. పాలకు ధర ఉండేది, నెయ్యికి ధర ఉండేది, మజ్జిగ మాత్రం చెంబు పట్టుకొచ్చిన వాళ్ళందరిదీ. తెల్లవారి మా ఇంట్లో కవ్వం చప్పుడు ఆగిందంటే చాలు, వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే మా అరుగు ముందుకొచ్చి "అవ్వా, మజ్జిగ పొయ్యి" అని కేక వేసేవాళ్ళు. అవ్వ కుండ ముందేసుకుని కూర్చుని, అందరికీ తలా నాలుగు మాటలు అంటిస్తూ పోసేది. "మజ్జిగ నాది, ఉప్పు మీది. ఉప్పు గూడా నన్నే అడిగినారంటే చెంబు ఇరగ్గొడతా" అనేది. ఆమె తిట్టకపోతే వాళ్ళకు మజ్జిగ తాగినట్టే ఉండేది కాదు.

ఇంట్లో మేం ముగ్గురం. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. అవ్వ అంటే నాయన కన్నతల్లి, నన్ను పెంచింది ఆమే. నాయనకు ఆత్మకూరు బస్టాండు దగ్గర మోటారు వైండింగ్ షాపు ఉండేది. రైతుల బావుల దగ్గర కరెంటు మోటారు కాలిపోతే, లోపలి రాగితీగంతా విప్పి పారేసి కొత్త తీగ చుట్టి ఇవ్వడం ఆయన పని. వారమంతా షాపు వెనక గదిలోనే ఉండి ఆదివారం ఇంటికి వచ్చేవాడు. నేను ఉదయగిరి హైస్కూల్లో సైన్సు టీచర్ని. కొత్త ఉద్యోగం, ఇరవై దాటిన వయసు, ఊరంతా తెలిసిన నోరు. ఆ నోరు అవ్వ దగ్గర్నుంచి వచ్చిందే.

ఎనభైలు మొదలైన కొత్తల్లో ఒక ఎండాకాలం, కొండ కింద మేతకు పోయిన మా బర్రెను కుక్క మూతి మీద కరిచింది. అవ్వ పసుపు అద్ది ఊరుకుంది. గాయం మానింది, మేమూ మర్చిపోయాం. కొన్నాళ్ళకు బర్రె మేత మానేసింది. గొంతు బొంగురుపోయి ఒకటే అరుపు, నోటి నుంచి చొంగ. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని అవ్వ నోట్లో చెయ్యి పెట్టి కెలికి చూసింది కూడా. పశువుల డాక్టరు వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయి, "ఎవురూ దగ్గరికి పోవద్దండి, ఇది పిచ్చికుక్క కరిచిన గొడ్డు" అన్నాడు. మర్నాటికి చచ్చిపోయింది. దాని పెయ్యదూడను వేరే పాకలో కట్టేశాం.

ఆ సాయంత్రానికే వీధి వీధంతా గొంతు పట్టుకుని కూర్చుంది. అందరూ ఆ బర్రె మజ్జిగ తాగినవాళ్ళే గదా! మర్రిపాడు పక్క ఎవరో ఇట్లాగే పాలు తాగి కుక్కలాగా మొరిగి చచ్చిపోయారని ఒకామె చెప్పింది. ఎవరు చూశారో ఏమో గానీ, రాత్రి అయ్యేసరికి అందరూ కళ్ళారా చూసినట్టే చెప్పసాగారు. పిల్లాడు నీళ్ళు వద్దంటే తల్లి గుండె గుభేలుమనేది. అరుగు మీద కూర్చున్న అవ్వ ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. అందరికీ పోసింది ఆమె చేత్తోనే.

పక్కింట్లో ఒక సాయిబుల కుటుంబం ఉండేది. ఆయన లారీ డ్రైవరు, ఆయన భార్యను మేం ఆపా అని పిలిచేవాళ్ళం. కుక్కకాటు మందు ఆత్మకూరు ఆస్పత్రిలో ఉందని తెలిసి, మర్నాడు ఆయన లారీలోనే వీధంతా ఎక్కాం. సంగటి మూటలు, నీళ్ళ బిందెలు, చంకల్లో పిల్లలు. తెలియని వాళ్ళు చూస్తే తిరునాళ్ళకు పోతున్నామనుకునేవాళ్ళు.

ఆస్పత్రి డాక్టరు నడివయసు మనిషి. మమ్మల్ని చూసి నోరెళ్ళబెట్టాడు.

"ఇంతమందిని ఒకే కుక్క కరిచిందా?" అన్నాడు.

"మమ్మల్ని కరవలేదు సారూ, బర్రెను కరిచినాది" అంది అవ్వ.

"బర్రె ఏదీ?"

"సచ్చిపొయ్యింది."

"మరి మీరంతా ఎందుకు వచ్చారమ్మా?"

"దాని మజ్జిగ తాగినాము సారూ."

ఆయన నవ్వు ఆపుకోవడం నేను చూశాను. పాలు కాచారా అని అడిగాడు. అవ్వకు రోషం వచ్చింది. "కాచకుండా తోడేసేదానికి నేనేమన్నా తిక్కదాన్నా? దాలిలో పిడకల సెగ మీద పొద్దున్నించి సందేళ దాకా కాగతాయి నా పాలు" అంది. అట్లా కాగిన పాలల్లో ఏ విషమూ మిగలదనీ, బర్రె నోట్లో చెయ్యి పెట్టింది అవ్వ ఒక్కతే కాబట్టి ఆమెకు మాత్రం సూదులు తప్పవనీ, మిగిలినవాళ్ళు ఇళ్ళకు పోవచ్చనీ ఆయన నిదానంగా చెప్పాడు. ఒక్కరంటే ఒక్కరు కదిలితే ఒట్టు.

"నీకేం పొయ్యింది సారూ, నువ్వు చెప్తావు" అంది అవ్వ. "రేపు ఈళ్ళల్లో ఎవురన్నా మొరిగినారంటే నా మొహం యాడ పెట్టుకోను? నా మజ్జిగ తాగినోళ్ళు వీళ్ళు. అందరికీ పొడువు."

ఆయన చాలాసేపు వాదించి, చివరికి అలిసిపోయి అందరికీ వేయడానికి ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో చాలా ఊళ్ళల్లో జరిగిందే అక్కడా జరిగింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. పాలకు ఏమీ కాదని నాకు తెలుసు, పిల్లలకు పాఠం చెప్పేదాన్నే గదా. ఆ మాటే అన్నాను. "నువ్వు నోరు మూసుకోని ముందు నిలబడు. నీకేమన్నా అయితే నేను బతికుండి ఏం జెయ్యాలి?" అంది అవ్వ. నిలబడ్డాను.

నాలుగైదు రోజులయ్యేసరికి వీధిలో సగం మంది, "అబ్బ, ఈ నొప్పి కంటే ఆ జబ్బే మేలు" అంటూ మానేశారు. ఆపా మాత్రం మొండిగా పూర్తి చేసింది. వేసవి సెలవులు కాబట్టి అవ్వా నేనూ ఆత్మకూరులో నాయన గదిలోనే దిగాం. పొద్దున్నే ఆస్పత్రి, తర్వాత వంట, సాయంత్రం షాపు ముందు కూర్చుని వచ్చేపోయే బస్సులు చూడటం. కడుపంతా రాయిలాగా గట్టిపడి బోర్లా పడుకోవడానికి లేకపోయినా, నాయనతో అన్నాళ్ళు కలిసి ఉండటం నాకు బాగానే ఉండింది.

ఇంకో మూడు నాలుగు సూదులైతే అయిపోతుందనగా ఒక సాయంత్రం నడుస్తుంటే అరికాళ్ళ కింద బూడిద ఉన్నట్టు మెత్తగా అనిపించింది. చెప్పులు చూసుకున్నాను, శుభ్రంగానే ఉన్నాయి. స్నానానికి పోతే కుడికాలి మీద వేన్నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, ఎడమకాలి మీద ఏమీ లేదు. నీళ్ళు పడుతున్నాయి, నాకు తెలియడం లేదు. అలసట అనుకుని పడుకున్నాను. తెల్లవారి లేవబోతే నడుము కింద నేను లేను. రెండు కాళ్ళూ పక్కమీదే పడున్నాయి, ఎవరివో తెచ్చి పెట్టినట్టు. మూత్రం కూడా రాలేదు. సిగ్గుపడే విషయమేమీ కాదు గనక చెబుతున్నాను, అన్నిటికంటే దానికే ఎక్కువ భయపడ్డాను.

"విషం ఎక్కినాదిరా నాయనో!" అని అవ్వ పెట్టిన కేకకు బస్టాండులో జనమంతా షాపు ముందుకు వచ్చారు. నాయన పరిగెత్తుకుంటూ పోయి డాక్టర్ని పిలుచుకొచ్చాడు. ఆయన నా కాళ్ళ మీద గుండుసూదితో గుచ్చి చూశాడు, మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టాడు. తర్వాత నా పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"ఇది పిచ్చికుక్క జబ్బు కాదు. సూదిమందు పడలేదు" అన్నాడు. "ఇక ఒక్క సూది కూడా వేయకూడదు."

అవ్వ ఆయన కాళ్ళ మీద పడింది. మధ్యలో ఆపితే మొరిగి చస్తారని ఆమెకు ఎవరో చెప్పారు. "కాళ్ళు పోతే పోనీ సారూ, నేను ఎత్తుకోని తిప్పుతా. పేణం పోతే యాడ తెచ్చుకునేది? మిగిలిన సూదులు పొడువు సారూ" అని ఒకటే ఏడుపు. నాయన ఒకసారి తల్లిని, ఒకసారి డాక్టర్ని చూస్తూ నిలబడిపోయాడు.

"ఇది నా ఒళ్ళు" అన్నాను నేను. "నేను జెప్తా ఉండా. ఆపేయండి."

అంత గట్టిగా అన్నానన్నమాటే గానీ నాకూ పూర్తి నమ్మకం లేదు. చదువు ఒక మాట చెబుతుంటే, వీధి చెప్పిన మాట చెవుల్లో మోగుతూనే ఉంది. తప్పుగా ఎంచుకుంటే నడవడం కాదు, బతకడమే ఉండదు.

అదే రోజు నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అవ్వ తన మిగిలిన సూదులు అక్కడే పొడిపించుకుంది. నాకు ట్యూబు వేసి మూత్రం తీశారు. నరాల డాక్టరు చూసి మా డాక్టరు మాటే ఖాయం చేశాడు, స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాడు. మళ్ళీ నడుస్తానా అని అడిగాను. చాలామంది నడుస్తారు, కొందరు నడవరు, మీరు ఏ లెక్కలోకి వస్తారో ఇప్పుడే చెప్పలేను అన్నాడు. ఆ నిజం చెప్పిన మనిషి మీద ఆ క్షణాన నాకు ఎంత కోపం వచ్చిందో!

కొన్ని వారాల తర్వాత మూత్రం బాధ తీరి, నన్ను మళ్ళీ ఆత్మకూరు గదికి చేర్చారు. కాళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి. నేను నీళ్ళు తాగుతానంటే చాలు, అవ్వ చేతిలో పని వదిలేసి వచ్చి ఎదురుగా కూర్చునేది. పిచ్చికుక్క జబ్బు మనిషికి నీళ్ళు గొంతు దిగవు. అందుకని గ్లాసు నా చేతికిచ్చి నా గొంతు వంక చూసేది. గుటక పడితే ఆమెకు ఊపిరి వచ్చేది. రోజుకు ఎన్నిసార్లు తాగితే అన్నిసార్లూ ఇదే తంతు. "ఏందవ్వా, ముద్ద మింగనియ్యవు, గుక్క మింగనియ్యవు" అని విసుక్కునేదాన్ని. "తాగు తాగు, నేనేమన్నా అన్నానా?" అనేది. చూపు మాత్రం గొంతు మీదే.

ఆత్మకూరు డాక్టరు సాయంత్రాలు ఇంటికి పోతూ షాపు దగ్గర ఆగి నన్ను చూసి వెళ్ళేవాడు. ఒకరోజు నాయన మోటారుకు తీగ చుడుతున్నాడు. డాక్టరు ఆ తీగ ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"దీని మీద ఎనామిల్ పూత ఉంటుంది గదా. అది లేచిపోతే ఏమవుతుంది?" అని నాయన్ని అడిగాడు.

"షార్ట్ అవుద్ది సార్. తీగ తెగదు, బాగానే ఉంటాది. మోటారు మాత్రం తిరగదు."

"మీ అమ్మాయికి అయింది అదే. నరాల తీగలు తెగలేదు. పైపూత పోయింది."

గదిలో పక్క మీద నుంచి నేను వింటున్నాను. ఆ మందు గొర్రె మెదడుతో తయారవుతుందనీ, గొర్రె మెదడులోనూ మన మెదడులోనూ ఆ పూత ఇంచుమించు ఒకటేననీ ఆయన చెప్పాడు. ఒంట్లోకి ఎక్కించిన గొర్రె పూతను శత్రువనుకుని ఒళ్ళు దాని మీద పడుతుంది. నూటికో కోటికో ఒకరిలో, ఆ ఊపు ఆగక తన సొంత పూతను కూడా కొరికేస్తుంది.

నాయన చేతిలో తీగ అట్లాగే ఉండిపోయింది. నా పక్కన కూర్చున్న అవ్వ లేచి గుమ్మం దగ్గరకు పోయింది.

"మళ్ళా ఆ పూత ఎవురు పూస్తారు సారూ?" అంది. "మా వాడు వార్నిష్ ముంచి ఆరబెడతాడు. లోపలికి ఎవురు పోతారు?"

"పోనక్కర్లేదవ్వా, ఉన్నవాళ్ళు లోపలే ఉన్నారు. మెదడులో, వెన్నుపాములో నరాల కణాలే కాకుండా వేరే కణాలు బోలెడుంటాయి. గ్లియా అంటారు. అసలు ఆ పూత పూసేది వాటిలో ఒక రకం. చావగా మిగిలినవి ఉంటే మెల్లగా మళ్ళీ పూస్తాయి. మనం వాటికి టైం ఇవ్వాలి."

"ఎంత టైం?"

"అది మాత్రం అవే చెప్పాలి."

అవ్వ గడప మీద కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది. "అయితే మజ్జిగలో ఏం లేదా సారూ?"

"లేదవ్వా. నేను మొదటిరోజే చెప్పాను గదా."

"అయితే నేనే తీసకొచ్చి పొడిపించినా."

డాక్టరు గబగబా సర్దబోయాడు. బర్రె నోట్లో చెయ్యి పెట్టావు గదవ్వా, నీకు అదే మందు ప్రాణం నిలబెట్టి ఉంటుంది, దాన్ని తిట్టుకోవద్దు అన్నాడు. అందులో తప్పేమీ లేదు. ఆ మందు ఎన్ని ప్రాణాలు కాపాడిందో నాకూ తెలుసు. కానీ అవ్వ చెవికి అది వేరేగా వినబడింది. "నా పేణం నిలబడింది, దాని కాళ్ళు పొయ్యినాయి" అంటూ లోపలికి వచ్చి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ రోజు నుంచి మజ్జిగ ముట్టుకోలేదు. అన్నంలో నీళ్ళు పోసుకుని తినేది.

నా కాలక్షేపానికి డాక్టరు తన చదువుకునే రోజుల నాటి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చిచ్చాడు. అందులో నరాల కణాల మీద అధ్యాయాలకు అధ్యాయాలున్నాయి. ఈ గ్లియా మీద నాలుగు పేజీలుంటే గొప్ప. గ్లియా అంటే జిగురని అర్థమట. మెదడంతా విడిపోకుండా అతికించి ఉంచే సరుకు అనుకుని మొదట్లో ఆ పేరు పెట్టారట. నాకు ఒళ్ళు మండింది. నా కాళ్ళ కోసం లోపల ఎవరు పాటుపడుతున్నారో వాళ్ళకు ఇదా పేరు! బళ్ళో నేను నల్లబల్ల మీద నరం బొమ్మ ఎన్నిసార్లు వేసి ఉంటానో. తీగ గీసి, దాని చుట్టూ తొడుగు గీసి, పేరు రాసి చేతులు దులుపుకున్నదాన్నే. ఆ తొడుగు ఎవరు తొడిగారని పుస్తకం చెప్పలేదు, పిల్లలు అడగలేదు, నాకూ తోచలేదు.

ఆ నాలుగు పేజీలనే పదే పదే చదివాను. పూత పూసేవి ఒక రకం. పాడైన పూత తునకలను ఊడ్చి పారేసే చిన్నచిన్న కణాలు ఇంకో రకం, అవి శుభ్రం చేస్తే గాని కొత్త పూత పడదు. నక్షత్రం ఆకారంలో ఉండేవి మూడో రకం. నెత్తురు నుంచి నరానికి కావలసిన తిండి అందిస్తాయి, ఎక్కడైనా బాగుచేయలేనంతగా పాడైతే అక్కడ మచ్చ కట్టి పూడ్చేస్తాయి. తర్వాతి ఏళ్ళలో ఈ గ్లియా సంగతి ఇంకా చాలా చదివాను. మతిమరుపు జబ్బుల్లోనూ వాటికి భాగం ఉందనీ, ఊడ్చేవి అదుపు తప్పితే మంచిదాన్ని కూడా ఊడ్చేస్తాయనీ, మెదడులో పుట్టే గడ్డలు చాలావరకు ఈ జాతి కణాల నుంచే వస్తాయనీ. అప్పుడు మాత్రం నాకు కావలసింది ఒక్కటే, పూత పూసేవి నాలో ఎన్ని మిగిలాయన్నది. అది ఏ పుస్తకంలోనూ ఉండదు.

నాయనది ఇంకో గొడవ. రోజూ ఎవరో ఒకరు నా కాళ్ళు వంచి చాపి కదిలించాలని డాక్టరు చెప్పాడు. నాయనకు ఆ మాట మింగుడు పడలేదు. "పూత ఆరకముందే స్విచ్ ఏస్తే కాలిపోద్ది. ఆరనియ్యండి" అనేవాడు. "నేనేమన్నా మోటార్నా నాయనా?" అని అరిచేదాన్ని. ఆయన షాపులోకి పోయి కూర్చునేవాడు గానీ, కాసేపటికి మళ్ళీ గుమ్మంలోకి వచ్చి, "కొంచెం మెల్లింగా వంచమ్మా" అని అవ్వకు చెప్పేవాడు. ఆపా రెండు మూడు సార్లు బస్సెక్కి నన్ను చూడటానికి వచ్చింది. "నాకూ అదే సూది, నీకూ అదే సూది. నాకు దోమ కుట్టినంత గూడా కాలేదు. యా అల్లా, ఇదేం లెక్క?" అని ఏడ్చి, ఆ ఏడుపు మధ్యలోనే నా కాళ్ళకు నూనె మర్దనా చేసి పోయేది.

వానలు మొదలయ్యాయి. గదిలో ఈగలు ముసురుతున్నాయి. ఒక మధ్యాహ్నం పడుకుని సోమశిల వైపు పోయే బస్సు హారన్ వింటున్నాను. కుడికాలి బొటనవేలి దగ్గర ఏదో జిలజిలమంది. తల ఎత్తి చూస్తే ఈగ. వేలి మీద నుంచి పాదం మీదకు నడుస్తోంది, అది ఎక్కడ నడిస్తే అక్కడ నాకు తెలుస్తోంది.

"అవ్వా! ఈగ!" అని అరిచాను.

అవ్వ పొయ్యి దగ్గర్నుంచి తువ్వాలు తీసుకుని వచ్చింది. "ఈగకే ఇంత కేకలా? ఉండు తోల్తా" అని చెయ్యెత్తింది.

"తోలొద్దు! తోలొద్దవ్వా, ఉండనీ! నాకు తెలస్తా ఉండాది!"

తువ్వాలు గాలిలోనే ఆగిపోయింది. నాయన చేతులకున్న వార్నిష్‌తోనే పరిగెత్తుకొచ్చాడు. ముగ్గురం ఆ ఈగనే చూశాం. అది కాసేపు చేతులు రుద్దుకుని ఎగిరిపోయింది. నేను ఏడ్చాను, నాయన ఏడ్చాడు. అవ్వ మాత్రం ఏడవలేదు. బెల్లం ముక్క తెచ్చి నా కాలి దగ్గర పెట్టింది, ఇంకో ఈగ వస్తుందని. ఆ తర్వాత మాకు నవ్వాగలేదు.

అక్కడి నుంచి రావలసిన బలం చీమ నడిచినట్టు వచ్చింది. వేళ్ళు కదిలాయి, మోకాలు వంగింది. నాయన పనిబల్ల పట్టుకుని నిలబడ్డాను. బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు పోయిన రోజు నాయన షాపు మూసేసి అందరికీ టీ చెప్పాడు. సంక్రాంతి లోపలే ఉదయగిరి చేరి బళ్ళో అడుగుపెట్టాను. నరం పాఠం వచ్చినప్పుడు తొడుగు పక్కన దాన్ని పూసే కణాన్ని కూడా గీశాను. ఇది పరీక్షకు వస్తుందా టీచర్ అని అడిగారు పిల్లలు. రాదు, ఊరికే చూడండి అన్నాను. కుక్క కరిస్తే మాత్రం భయపడి దాక్కోకుండా ఆస్పత్రికి పరిగెత్తమని కూడా చెప్పాను, ఇప్పటికీ చెబుతాను. ఆ గొర్రె మెదడు మందు ఇప్పుడు లేనే లేదు.

ఎడమపాదం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. నడుస్తుంది గానీ దానికి వేడీ చల్లనా తెలియదు. వెన్నుపాములో దాని తీగల మీద పూత పడలేదు, మచ్చ కట్టింది అన్నాడు డాక్టరు. అది నన్నేమీ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. అవ్వే మనసు సర్దుకోలేకపోయింది. కవ్వం అటక ఎక్కించేసింది. బయట పాలు పోయించుకునేది, పెరుగు తోడు పెట్టేది కాదు. వీధివాళ్ళు ఆమెను ఒక్క మాట అనలేదు. అరుగు ముందుకు మాత్రం ఎవరూ రాలేదు. పొద్దున్నే మా వాకిలి అంత నిశ్శబ్దంగా ఉండటం నాకు బొత్తిగా నచ్చేది కాదు.

ఆ పెయ్యదూడకు ఏమీ కాలేదు. పెరిగి పెద్దదై, మూడు నాలుగేళ్ళకు ఒక ఎండాకాలం ఈనింది. పాలు మిగులుతుంటే నాయనా నేనూ పోరి పోరి అవ్వ చేత కవ్వం దింపించాం. జున్ను రోజులు దాటాక ఒక తెల్లవారి మా ఇంట్లో మళ్ళీ ఆ చప్పుడు వినబడింది. అవ్వ మజ్జిగ కుండ తెచ్చి అరుగు మీద పెట్టుకుని కూర్చుంది. కవ్వం చప్పుడు వీధంతా వినే ఉంటుంది. "బాగుండావా అవ్వా" అని పలకరించి పోయేవాళ్ళు పోయారు. చెంబుతో ఎవరూ రాలేదు. ఎండెక్కింది. ఆపా తన గుమ్మంలో నిలబడి చూస్తోంది గానీ గడప దిగలేదు.

"కుడితిలో పోసేస్తాలే" అంది అవ్వ, ఎవరితోనో కాదు, కుండతోనే అన్నట్టు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. చెంబు పట్టుకుని పెరటి తలుపు తీసుకుని బయటపడ్డాను. సందు చుట్టి వీధిలోకి వచ్చి, వీధి ఆడవాళ్ళు ఎప్పుడూ నిలబడే చోట అరుగు ముందు నిలబడి, వీధి చివరి దాకా వినబడేటట్టు కేక వేశాను.

"అవ్వా, మజ్జిగ పొయ్యి!"

అవ్వ ఉలిక్కిపడింది. "ఏందే ఇది? ఇంట్లో ఉండేదానివి ఈదిలో నిలబడి అడుక్కుంటావా? తిక్క పట్టిందా?"

"పోస్తావా పొయ్యవా?"

చూసి చూసి, పోసింది. చెంబు ఎత్తి గటగటా తాగాను. ఆ ఎండలో ఆ మజ్జిగ ఎంత బాగుందో చెప్పలేను. ఎప్పటిలాగా నా గొంతు చూస్తుందనుకుని చెంబు దించాను. ఆమె గొంతు చూడటం లేదు. నా కాళ్ళు చూస్తోంది. కోపంలో చెప్పులు వేసుకోకుండా వచ్చాను, కుడికాలి చురుకు కూడా పట్టించుకోలేదు.

డెబ్బై దాటిన మనిషి అరుగు మీద నుంచి ఒక్క ఉదుటున దిగింది. నేను నిలబడిన బండ మీద అరచెయ్యి ఆనించి వెంటనే తీసేసింది. "కాలిపోతా ఉండాది గదే! నీ కాలికి తెలవదు గదే పాపా!" అంటూ ఆ బండ మీదే చతికిలబడి, నా ఎడమపాదం ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది. అరికాలు ఎర్రగా కందిపోయింది. నాకు ఏమీ తెలియడం లేదు, ఆమె కన్నీళ్ళు దాని మీద పడటం కూడా చూస్తేనే తెలిసింది. ఒంటికాలి మీద అరుగు పట్టుకుని నిలబడి, "నడిచే వచ్చినా గదవ్వా, నడిచే వచ్చినా" అంటున్నాను.

పక్కన నీడ పడింది. ఆపా, చేతిలో గిన్నె.

"అవ్వా, నాక్కూడా పొయ్యి" అంది.

అవ్వ తల ఎత్తలేదు. నా పాదాన్ని కొంగుతో తుడుస్తూనే ఉంది.

"కుండ ఆడ ఉండాది, నువ్వే పోసుకో" అంది. "నాకు చేతులు ఖాళీ లేవు."